బోర్లా పడేసిన ఐదు ముక్కలు

“నువ్వు రూలే చెప్పినవ్ లచ్చక్కా. నిన్నేమంట నేను?”

“ఏదన్న ఒకటి అనిపో తమ్మీ. ఊకె పోకు.”

మల్లేశం దోహా వెళ్ళే కంపెనీ బస్సు ఎక్కాడు. డ్రైవరు “యల్లా, యల్లా” అని తొందరపెడుతూ తలుపు లాగేశాడు. మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. ఆ తరువాత అతన్ని నేను చూడలేదు. నేను చెప్పింది మొత్తం రూలు కాదని నాకు తెలిసేసరికి అతను వెళ్ళి నాలుగు నెలలైంది.

ఇది డెబ్బై ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో జరిగింది. సంవత్సరాలు నాకు గట్టిగా గుర్తుండవు. చమురు ధర పెరిగి ఖతర్‌లో ఎటు చూసినా కొత్త పైపులు, కొత్త రోడ్లు వేస్తున్న రోజులు. మా ఊళ్ళో అందరూ మేము దుబాయ్‌లో ఉన్నామనే చెప్పుకునేవాళ్ళు. మేము ఉన్నది దుఖాన్‌లో. పడమటి ఒడ్డున చమురు బావుల ఊరు అది. మా ఆయన అక్కడి స్టాఫ్ క్లబ్బు వంటగదిలో కుక్కు. నేను అదే క్లబ్బులో ఆయాను. ఊడవడం, తుడవడం, వచ్చినవాళ్ళకు టీ ఇవ్వడం, ఆట సామాన్ల అలమార తాళం నా దగ్గర పెట్టుకోవడం నా పని. క్లబ్బు వెనక ఒక గది ఇచ్చారు, అందులో ఉండేవాళ్ళం.

నాకు చదువు రాదు. సంతకం ఒక్కటి నేర్చుకున్నాను. ఇప్పుడు నేను చెబుతుంటే మా మనవరాలు శ్రావణి రాస్తోంది.

అక్షరం రానిదానివి పేకాటకు జడ్జివి ఎలా అయ్యావని నన్ను చాలామంది అడిగారు. పేక ముక్క మీద చదవడానికి ఏముంది? ఆఠీను, డైమండు, ఇస్పేటు, కళావరు. రాజు, రాణి, జాకీ. మిగతావి బొట్లు లెక్కపెట్టుకోవడమే. అలమారలోంచి పేక ఇచ్చేటప్పుడు యాభై రెండూ లెక్కపెట్టి ఇవ్వాలి, తిరిగి తీసుకునేటప్పుడు లెక్కపెట్టి తీసుకోవాలి. ఒక్క ముక్క తగ్గినా నేనే జవాబు చెప్పాలి. రోజూ అవే ముక్కలు చేతుల్లో తిరిగితే గోరు గీతతో సహా గుర్తుంటాయి.

మావాళ్ళకు మూడు ముక్కలాట తెలుసు, రమ్మీ తెలుసు. పోకర్ నేర్పింది ఒక ఇంగ్లీషు దొర. డ్రిల్లింగ్ ఫోర్‌మన్. ఈ ఆటలో ఒక్కొక్కరికి ఐదు ముక్కలు. నచ్చనివి పడేసి వాటి బదులు కొత్తవి తీసుకోవచ్చు, దాన్ని డ్రా అంటారు. జత కంటే మూడు ఒకే రకం పెద్దవి. ఐదూ ఒకే గుర్తు వస్తే ఫ్లష్, అది మూడింటి కంటే పెద్దది. ఆఖరున ముక్కలు చూపించుకోవడాన్ని షోడౌన్ అంటారు. మావాళ్ళు ‘షో’ అనేవాళ్ళు. ఆ దేశంలో జూదం తప్పు, అందుకని క్లబ్బులో పైసలు పెట్టనిచ్చేవాళ్ళు కాదు. కూల్‌డ్రింకు సీసాల మూతలతో ఆడేవాళ్ళు.

మూతలతో ఆడినా కొట్లాట కొట్లాటే. షో దగ్గరే గొడవంతా. ఒకడు ఒకటి చెబుతాడు, ముక్కలు ఇంకొకటి చెబుతాయి. ఎవరిని తీర్పు చెప్పమన్నా వాడు తన జిల్లావాడి వైపు మాట్లాడాడు, తన సెక్షన్‌వాడి వైపు మాట్లాడాడు అని అలిగేవాళ్ళు. ఒకరోజు దొరకు విసుగు పుట్టి, పక్కనే బల్ల తుడుస్తున్న నన్ను పిలిచి, “ఇందులో ఎవరిది పెద్దది?” అని సైగ చేశాడు. నేను వేలు పెట్టి చూపించాను. ఆ రోజు నుంచి షో నా పనైంది. నేను ఆడను, నాకు ఎవరి పక్షమూ లేదు, అదే నా అర్హత.

మొదట్లో ఒకసారి నేను మెత్తబడ్డాను. ఒక ముసలి డ్రైవరు చేతిలోంచి ముక్క జారి కింద పడితే, పాపం పెద్దాయన అని తీసి ఇచ్చాను. దాని మీద వారం రోజులు క్లబ్బు రెండుగా చీలింది. దొర నన్ను కూర్చోబెట్టి, వచ్చీరాని హిందీలో చెప్పాడు: “బల్ల మీద ఏముందో అదే చూడు. నీ మనసులో ఏముందో అది వద్దు.” ఆ మాట నా తలలో మేకులా దిగింది.

అతను వెళ్ళిపోయే ముందు రూల్స్ రాసి ఇచ్చాడు. వాటిని టైపు చేసింది సుధాకర్. టైమ్ ఆఫీసులో క్లర్కు, గోదావరి జిల్లావాడు, మాట తియ్యగా ఉంటుంది. క్యాంపులో చదువు రాని మావాళ్ళందరికీ ఉత్తరాలు రాసిపెట్టేదీ అతనే, వచ్చిన ఉత్తరాలు చదివి చెప్పేదీ అతనే. ఆ కాగితానికి అద్దం కట్టించి అలమార పైన గోడకు వేలాడదీశారు. నా కోసమని సుధాకరే దాన్ని తెలుగులో చదివి వినిపించాడు. నేను వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాను. ఆరు. నోరు ఏం చెప్పినా చెల్లదు, బల్ల మీద పరిచిన ముక్కలే చెల్లుతాయి. బోర్లా పడేసిన ముక్కలు చచ్చిపోయినట్టే, మళ్ళీ తియ్యకూడదు. పక్కన నిలబడినవాళ్ళు తాము చూసింది చెప్పకూడదు. ఇంకా మూడు. ఆరు వేళ్ళూ నాకు కంఠస్థం.

తరువాత తరువాత మావాళ్ళు చిన్న చిన్న తగాదాలన్నీ నా బల్ల దగ్గరికి తేవడం మొదలుపెట్టారు. శుక్రవారం బస్సులో ముందు సీటు ఎవరిది, పండగ రోజు డ్యూటీ ఎవరు చెయ్యాలి, అన్నీ పోకర్ మీదే తేల్చుకునేవాళ్ళు. నవ్వుతూ గెలిచేవాళ్ళు, నవ్వుతూ ఓడేవాళ్ళు. నాకూ గర్వంగానే ఉండేది, దాచుకోవడం దేనికి?

ఆ సంవత్సరం చలికాలంలో ఒక ఫ్యామిలీ క్వార్టర్ ఖాళీ అయింది. క్వార్టర్ ఉంటేనే కంపెనీ లెటరు ఇస్తుంది, లెటరు ఉంటేనే పెళ్ళాం పిల్లలకు వీసా వస్తుంది. దాని కోసం వరసలో ముందున్నవాళ్ళు ఇద్దరు. ఒకడు సుధాకర్. ఇంకొకడు మల్లేశం, వెల్డర్ల మీద చిన్న మేస్త్రీ, మా కరీంనగరం జిల్లాలోనే జగిత్యాల దిక్కువాడు. ఇద్దరూ ఒకే తేదీన చేరారు, ఒకే గ్రేడు.

మల్లేశం భార్య రాజమణి, కూతురు ఊళ్ళో ఉన్నారు. అతను వచ్చాక పుట్టిన పిల్ల అది. సెలవులో ఒక్కసారి వెళితే కొత్తవాడని ఏడ్చి దగ్గరికి రాలేదట, ఆ మాట నవ్వుతూ చెప్పేవాడు. ఇద్దరికీ పాస్‌పోర్టులు తీయించి ఉంచాడు. రాజమణికి కుట్టుపని వచ్చని దోహాలో కాలి మిషను కొని, తన గదిలో చోటు లేక, నా అలమార పక్కన పెట్టుకున్నాడు. దాని మీద గుడ్డ కప్పి, వచ్చినప్పుడల్లా దుమ్ము దులిపేవాడు. “అక్కా, ఆమె ఒచ్చినంక నీకే మొదలు జాకెట్టు కుట్టిపిస్త” అనేవాడు.

క్వార్టర్లు పంచే హౌసింగ్ ఆఫీసర్ హైదరాబాద్ వాడు. అందరూ సాబ్ అనేవాళ్ళు. ఎవరికి అవసరమో చూడమని మేము వెళ్ళి అడిగితే చేతులు ఎత్తేశాడు.

“ఇద్దరిదీ ఒకటే డేటు, ఒకటే గ్రేడు. ఎవరికి ఇచ్చినా రెండోవాడు నా జాన్ తింటడు. మీలో మీరే ఫైసలా చేసుకొని పేరు చెప్పుండ్రి. రాసేస్త. బస్.”

చీటీలు వేద్దామన్నాడు సుధాకర్. క్లర్కు రాసే చీటీలు మాకు వద్దన్నారు వెల్డర్లు. అప్పుడు ఎవరో అన్నారు, లచ్చక్క బల్ల ఉంది కదా అని. మల్లేశం పోకర్ బాగా ఆడతాడు. వెంటనే ఒప్పుకున్నాడు. సుధాకర్ కూడా తల ఊపి, “మా జడ్జి గారు ఉండగా మనకేం భయం?” అన్నాడు. ఒక సంసారం కూడేది కూడనిదీ సీసా మూతల మీద పెడుతున్నాం, ఇది తప్పు అని ఆ గదిలో ఒక్కరం అనలేదు. నేనూ అనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చున్నారు. గది నిండా జనం. ముక్కలు పంచేది నేను, షో చెప్పేది నేను, మధ్యలో టీ ఇచ్చేదీ నేనే. క్లబ్బులో ఇంకో ఆయా లేదు. జడ్జి అని పిలుస్తూనే, “లచ్చక్కా, రెండు టీలు” అని కేక వేసేవాళ్ళు, నేనూ తెచ్చేదాన్ని. ఎవరికీ అది వింతగా అనిపించలేదు.

రెండు గంటలు ఆడారు. మూతలు అటూ ఇటూ పోయాయి. చివరి ఆటకు ఇద్దరూ ఉన్నవన్నీ మధ్యలోకి తోసేశారు. మల్లేశం రెండు ముక్కలు మార్చుకున్నాడు. సుధాకర్ ఒకటి మార్చుకున్నాడు. పడేసినవి మూడూ బోర్లా నా ముందు చిన్న కుప్పగా ఉన్నాయి. నేను లేచి మల్లేశం పక్కన టీ గ్లాసు పెట్టాను. పెడుతూ వంగినప్పుడు అతని చెయ్యి కనిపించింది. ఇస్పేటు పది, కళావరు పది, డైమండు పది. మూడు పదులు. నా ముఖంలో ఏదీ కనపడనివ్వకుండా రెండో గ్లాసు పట్టుకుని సుధాకర్ వైపు వెళ్ళాను. ఆఖరున మూతలు పెట్టింది సుధాకర్. కాబట్టి రూలు ప్రకారం ముందు ముక్కలు పరచాల్సింది అతనే. పరచలేదు. ఎర్ర ముక్కలు విసనకర్రలా పట్టుకుని గాల్లో ఊపాడు.

“ఫ్లష్ మల్లేశం! ఐదూ ఆఠీన్లే!”

గది హోరెత్తింది. మల్లేశం ఒక్క క్షణం తన ముక్కల వంక చూసుకున్నాడు. “నీ నసీబు మంచిగున్నదన్నా” అని, ఐదూ బోర్లా కుప్ప మీదికి విసిరాడు.

ఇక్కడ మావాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. దొరలు ఓడినా ముక్కలు తెరిచి చూపిస్తారు. మావాళ్ళు అలా కాదు. ఎదుటివాడు షో అని నోటితో చెబితే నమ్ముతారు, తమ చిన్న ముక్కలు ఎవరికీ కనపడకుండా బోర్లా పడేస్తారు. మూడు ముక్కలాటలో చిన్నప్పటి నుంచి అదే అలవాటు. తెరిచి చూపిస్తే ఇజ్జత్ పోయినట్టు. దొర ఎన్నిసార్లు చెప్పినా ఆ చెయ్యి ఆగదు.

నేను గ్లాసు అక్కడే పెట్టేశాను. “ఆగుండ్రి. సుధాకర్ బాబూ, పత్తాలు బల్ల మీద పరుచు.”

పరిచాడు. ఆఠీను రాజు, ఆఠీను జాకీ, ఆఠీను ఎనిమిది, ఆఠీను నాలుగు. ఐదోది డైమండు రాజు.

“అరే, అది డైమన్ గదనే!” అని వెనక నుంచి ఒక వెల్డరు అరిచాడు.

“అయ్యయ్యో” అన్నాడు సుధాకర్ నెమ్మదిగా. “ఎర్రగా ఉంటే ఆఠీననుకున్నానండీ. పొరపాటు. పోనీ, రెండు రాజులున్నాయి కదా. ఇప్పుడేమంటారు జడ్జి గారూ?”

మల్లేశం కుర్చీలోంచి లేచాడు. “అక్కా, నాకు మూడు పదులున్నయ్. గా మీదున్న ఐదు నావే. తీసి సూడు.”

నిజంగానే ఐదూ పైనే ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, కుప్ప అంచు మీదుగా బల్లగుడ్డ మీదికి జారి. కింద ఉన్న మూడింటితో కలవలేదు. నేను చెయ్యి చాపాను.

“ముట్టుకోకూడదు లచ్చమ్మా” అన్నాడు సుధాకర్. “పడేసినవి చచ్చినట్టే. పోయిన నెల ఇంకొకడు పడేసినవి ఎత్తబోతే నువ్వే కదా ఆపావు? వాడికో రూలు, మల్లేశానికో రూలా? నువ్వూ అతనూ కరీంనగరం వాళ్ళనా?”

చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ ఆఖరి మాటకు వెనక్కి తీసుకున్నాను. నావాడని చేసిందంటారేమో అని. నేను కళ్ళారా చూశాను మూడు పదులు. చూసింది చెప్పకూడదని ఒక రూలు. పడేసింది ఎత్తకూడదని ఇంకొక రూలు. నోటి మాట చెల్లదని మరొకటి, అంటే అతను ఫ్లష్ అని అరిచింది లెక్కలోకే రాదు, రెండు రాజులు మాత్రం బల్ల మీద ఉన్నాయి. మూడు రూళ్ళూ మూడు వైపుల నుంచి వచ్చి ఆ రెండు రాజుల పక్కనే నిలబడ్డాయి.

“పడేసిన పత్తాలు సచ్చినయ్ తమ్మీ” అన్నాను. “సుధాకర్‌దే.”

మల్లేశం టీ తాగి, గ్లాసు బోర్లించి, “సరే అక్కా” అని వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండేది ఆ తరువాత జరిగినదానికి. నన్ను మెచ్చుకున్నారు. “జడ్జంటే లచ్చక్కే, తనవాడని కూడా చూడలే” అని భుజాలు తట్టినంత పని చేశారు. అందరూ వెళ్ళాక పేక లెక్కపెట్టాలి కదా. కుప్ప తీశాను. పైనుంచి ఐదు ముక్కల్లో మూడు పదులు. నేను చూసినవే. యాభై రెండూ సరిపోయాయి. అలమారకు తాళం వేశాను.

ఆ సాయంత్రం మా ఆయన అన్నం ముందు కూర్చుని అడిగాడు.

“సూసినవా ఆని పత్తాలు?”

“సూసిన.”

“మరి?”

“సూసింది చెప్పద్దని రూలు.”

“ఎవడు పెట్టిండు రూలు?”

“దొర.”

“దొర ఆట కోసం పెట్టిండు. పోరని పెండ్లాంబిడ్డల కోసం పెట్టిండా?” అని కంచం జరిపేశాడు. నాకు కోపం వచ్చింది. నీకేం తెలుసు, బల్ల దగ్గర నిలబడితే తెలుస్తుంది అన్నాను.

సుధాకర్‌కు క్వార్టర్ ఇచ్చారు. అతని భార్య రాలేదు. ఆమెకు ఊళ్ళో సర్కారు బడిలో టీచరు ఉద్యోగం, దాన్ని వదిలి రానని ముందు నుంచే చెప్పిందట. ఈ సంగతి అతనికి ఆట ఆడిన రోజు కూడా తెలుసు. క్వార్టర్ తీసుకుని తనకు తెలిసినవాళ్ళు ఇద్దరిని పెట్టుకున్నాడు, పెద్ద టేప్‌రికార్డరు కొన్నాడు. పిల్లల బట్టలు ఆరాల్సిన తీగ మీద ముగ్గురు మగవాళ్ళ లుంగీలు ఆరేవి. క్లబ్బుకు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఆ తీగ నాకు కనపడేది.

మల్లేశం పది నెలలు ఆగాడు. తరువాత ఖాళీ అయిన క్వార్టర్ పెద్ద గ్రేడువాడికి పోయింది. ఊరి నుంచి ఉత్తరాలు వస్తే సుధాకరే చదివి చెప్పేవాడు, మల్లేశం అతని ముందు నిలబడి వినేవాడు. మాకు రావడం కుదరదా అని రాజమణి రాస్తే, దాన్ని ఆ నోటితోనే వినాలి. ఒకరోజు వీసా క్యాన్సిల్ చేయించుకుని, లెక్క తీసుకుని పెట్టె సర్దుకున్నాడు. కుట్టుమిషను తీసుకుపోయే వీలు లేదు. “నువ్వే ఉంచుకో అక్కా” అన్నాడు. నేను దాని మీద కాలు పెట్టలేదు. బస్సు దగ్గర ఏం మాట్లాడుకున్నామో చెప్పాను.

నాలుగు నెలలకు క్లబ్బు గోడలకు రంగు వేయించారు. పని చూడటానికి హౌసింగ్ ఆఫీసర్ వచ్చాడు. అద్దం కట్టిన ఆ రూళ్ళ కాగితం నేనే దింపి, తుడిచి, అతనికి ఇచ్చాను. ఊరికే నిలబడి చదువుతున్నాడు. నేను సరదాకు, నాకు ఆరూ నోటికి వచ్చు సాబ్ అని వేళ్ళ మీద చెప్పాను.

“షాబాష్” అన్నాడు. “లేకిన్ ఏడోది మర్చిపోయినవ్.”

“ఏడోది లేదు సాబ్.”

“ఉందమ్మా. కిందికి, పెద్దగ ఉంది. సునో. ఒకడు తన పత్తా గలత్ చెప్పి, ఆ మాట నమ్మి ఎదుటోడు పడేస్తే, ఆ పత్తాలు ఏవో పహచాన్ అయితే, అంటే గుర్తుపట్టే తీరుగ ఉంటే, జడ్జి తీసి చూడొచ్చు. ఆట సాఫ్‌గ ఉండటం కోసం అని ఉంది.”

ఇంకోసారి చదవమన్నాను. చదివాడు. మూడోసారి కూడా చదివించాను. నన్ను చెయ్యి చాపమన్న రూలు నా తల మీద గోడకు వేలాడుతూనే ఉంది. ఆ రోజు ఆ గదిలో అక్షరం వచ్చినవాళ్ళు పది మందికి తక్కువ లేరు. ఒక్కడు తల ఎత్తి గోడ వంక చూడలేదు. అక్షరం రానిదాన్ని రూలు చెప్పమని నిలబెట్టి, అందరూ నా నోటి వంక చూశారు.

మర్నాడు సుధాకర్ టీకి వచ్చాడు. అందరి ముందే అడిగాను.

“సుధాకర్ బాబూ, గోడ మీది కాయితంల ఎన్ని రూళ్ళున్నయ్?”

“ఏంటి, పరీక్షా?” అని నవ్వాడు.

“చెప్పు.”

“ఆరో, ఏడో.”

“నాకు ఆరు సదివినవ్.”

నవ్వు ఆగింది. “ఆఖరిది చాంతాడంత ఉంటే వదిలేశాను. అప్పుడు అవసరమనిపించలేదు.”

“ఆ శుక్రవారం గూడ అనిపియ్యలేదా?”

“చూడు లచ్చమ్మా, అది రూలు కాదు. జడ్జి చూడొచ్చు అని ఉంది, చూడాలి అని లేదు. జడ్జి ఇష్టం.”

“జడ్జి ఎవరు?”

అతను టీ గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు.

“నేనే గదా? నా ఇష్టమని రాసిన కాయితం నాకెందుకు సదవలే?”

“నేను అబద్ధం చెప్పానా? అడిగితే చెప్పేవాణ్ణి.”

“ఉన్నదో లేదో తెల్వనిదాన్ని ఎట్ల అడుగుతరు బాబూ? నువ్వు టైం కార్డుల ఐదు నిమిషాల లేటు పట్టే మనిషివి. ఎర్ర డైమన్, ఎర్ర ఆఠిన్ నీ కండ్లకు ఒక్కతీరు కనపడ్డయా?”

టీ గ్లాసు సగంలో వదిలి లేచిపోయాడు. అతనితో నేను మళ్ళీ మాట్లాడలేదు, అతనికి టీ మాత్రం ఇస్తూనే ఉన్నాను, ఉద్యోగం కాబట్టి.

ఆఫీసర్ దగ్గరికి వెళ్ళాను. క్వార్టర్ వాపసు తీసుకోమన్నాను, మల్లేశానికి కబురు పెట్టమన్నాను.

“ఏడాది దాటింది. ఖల్లాస్. మీరే ఆడుకున్నరు, మీరే ఫైసలా చేసుకున్నరు.”

“మేం చెయ్యలే సాబ్. మీరు చెయ్యాల్సింది మా నెత్తిన పెట్టిండ్రు.”

“ఎందుకు అరుస్తవమ్మా? ఏసీ ఖరాబు అయిందని ఎవడో బయట నిలబడ్డడు, వాణ్ణి లోపలికి పంపు” అన్నాడు. నా గొంతు అప్పటి నుంచే ఇలా బొంగురుపోయిందని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

మల్లేశానికి ఉత్తరం రాయిద్దామనుకున్నాను. క్యాంపులో మా అందరి ఉత్తరాలూ రాసేది ఎవరో చెప్పాను కదా. అతని చేత రాయించనా? బయటి మనిషి ఒకతని చేత రాయించి పంపాను, జవాబు రాలేదు. మేము తిరిగి వచ్చేశాక నేనూ మా ఆయనా వాళ్ళ ఊరు వెళ్ళాం. ఇంటికి తాళం ఉంది. భార్యనూ పిల్లనూ తీసుకుని మగ్గాల పనికి భీవండి పోయాడని పక్కింటివాళ్ళు చెప్పారు. అక్కడ ఏ చోటో వాళ్ళకూ తెలియదు. ముగ్గురూ కలిసే వెళ్ళారట. ఆ ఒక్క మాట మిగిలింది నాకు.

ఆ గొడవ తరువాత నేను షో చెప్పలేదు. “పత్తాలు కావాల్నంటే ఇస్త, లెక్కపెట్టి తీసుకుంట. షో మీరే సూసుకోండ్రి” అన్నాను. మళ్ళీ కొట్లాడుకున్నారు. కొట్లాడుకోనిచ్చాను.

నేర్చుకున్నదేమిటని శ్రావణి అడుగుతోంది. ఇలాంటివి రాస్తే చివర అది ఉండాలట. రూలు చెడ్డదని నేను అనను. రూలు లేకుండా జాలితో తీర్పు చెప్పి ఒకసారి క్లబ్బును చీల్చిందాన్ని. కానీ ఆ కాగితం రాసిన దొరకు కూడా తెలుసు, రూలు అడ్డం పెట్టుకుని గెలిచేవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడని. అందుకే ఏడోది రాసిపెట్టి పోయాడు. చదవగలిగినవాడు దాన్ని తన దగ్గర ఉంచుకుని, మిగతా ఆరింటినీ నా చేత పలికించాడు. అది అతని తప్పు. నా తప్పు వేరే ఉంది. ఐదు ముక్కలు నా కళ్ళ ముందే ఉన్నాయి, చెయ్యి చాపాను కూడా. కాగితం ఒప్పుకోకపోయినా ఎత్తి చూసి, తరువాత ఏమైనా అనండి అని ఉండాల్సింది. లేదా మొదటి రోజే పేక ఇవ్వకుండా, ఇది ఆడుకునే సంగతి కాదు పొండి అని అలమారకు తాళం వేసి ఉండాల్సింది. తాళం నా కొంగునే ఉంది. ఎవరినీ అడగాల్సిన పని లేదు. నన్ను జడ్జి అంటున్నారని మురిసిపోయి తాళం వెయ్యలేదు.

అయిపోయింది బిడ్డా. కలం కింద పెట్టు. మధ్యలో రెండుసార్లు నువ్వు ఆగి నా ముఖం చూసి ఏదో మార్చి రాశావు, నేను గమనించాను. నా తప్పు దగ్గర మెత్తగా రాశావా, సుధాకర్‌ను తిట్టిన దగ్గర తగ్గించావా, నాకు తెలియదు. నాకు తెలిసే దారి ఒక్కటే. పైనుంచి మొదలుపెట్టి చదివి వినిపించు. మెల్లగా చదువు. ఒక్క వరస కూడా వదలకు.